టేకు మొక్కకు మొదటి పసుపు

రాజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ల్యాబ్‌లో నువ్వు టేకు గింజలు పగలగొట్టి, లోపలి పిండాలు తీసి సీసాల్లో పెంచిన మొక్కల్ని ఇవాళే ఆసిఫాబాద్ దగ్గర భూమిలో నాటారు. మోకాలెత్తు పెరిగాయి.

నీ పెనిమిటి పోయిన నెలకే సార్ నిన్ను సీసాల గదికి మార్చాడు, గుర్తుందా? "గాజులు లేని చేతులు, పూలు లేని తల గావాలె రాజవ్వా. గవి ఉంటే సీసాలల్ల బూజు వడ్తది" అన్నాడు. నువ్వు నవ్వి సీసాలు ముందేసుకున్నావు. నీ సీసాలకు బూజు పట్టనేలేదు.

ఇవాళ అదే సార్ గుంత దగ్గర నిలబడి, "ముత్తైదువలు ముందటికి రాండ్రి. మొదటి మొక్కకు పసుపు కుంకుమ వెట్టాలె" అన్నాడు. ఆ మొక్కను మొదట ముట్టిన చేతులు ఎవరివో ఆయనకు తెలియదా? నన్నూ పిలిచాడు. "నాతోని గాదు సార్" అని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తర్వాత చాయ్ తాగుతూ అందరూ నిన్ను తలచుకున్నారు. రాజవ్వ బతికుంటే ఎంత బాగుండేదో అన్నారు. బతికుంటే ఇవాళ నిన్ను ఎక్కడ నిలబెట్టేవారో మాత్రం ఒక్కరూ అనలేదు.

నీతో సద్ది పంచుకు తిన్న
సుజాత