పెదవులు కదిపితే చాలు

నాన్నగారికి,

నమస్కారాలు. పాటల మాస్టారి పని నుంచి దిగిపోతున్న మీకు ఆదివారం చర్చిలో జరిగే వీడ్కోలు ప్రార్థనకు నేను రావడం లేదు. అక్క బతిమాలుతూ రాసింది. మీ గొంతుకు ఆపరేషన్ అయిందనీ, ఇక మాట రాదని డాక్టర్లు తేల్చేశారనీ, పాత శిష్యులంతా క్వయరులో పాడుతుంటే కన్నకొడుకు లేకపోవడం బాగుండదనీ. బాగుండదన్న మాటకు జడిసే రోజులు నాకు పోయాయి. మా కార్మిక సంఘం గదిలో ఉన్న కరపత్రాలన్నీ చదివేశాను. ఒక మనిషి నోరు మరో మనిషి మూయించడం కన్నా పెద్ద దౌర్జన్యం లేదని ఒకదాంట్లో ఉంది. ఆ వాక్యం కింద గీత గీస్తుంటే యజమానులెవరూ గుర్తు రాలేదు. మీరు గుర్తొచ్చారు.

బడిలో మీ సంగీతం గది నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. కిటికీ పక్కన పియానో, దాని మీద సుద్దముక్కల డబ్బా, బోర్డు మీద మీరు గీసిన అయిదు గీతలు. చర్చి వార్షికోత్సవానికి పిల్లల్ని ఎంచుతున్నారు. నా వంతు వచ్చింది, ప్రాణం పెట్టి పాడాను. మీరు పియానో ఆపి, తల ఎత్తకుండానే అన్నారు. "నువ్వు వెనక వరసలో చివర నిలబడు. పాడొద్దు. పెదవులు కదిపితే చాలు."

ఎప్పుడైనా మైమరిచి గొంతు కలిపానా, మీ కుడిచెయ్యి మీటల మీదే ఉండేది, ఎడమ అరచెయ్యి మాత్రం కిందికి దిగేది. తగ్గు, తగ్గు అని. క్వయరు మొత్తానికి చెబుతున్నారని అందరూ అనుకునేవారు. అది నాకొక్కడికేనని నాకు తెలుసు. నోరు తెరుస్తాడు, చప్పుడు రాదని పిల్లలు నాకు చేప అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. అక్క అలా పిలిస్తే మీరు నవ్వారు.

ఇవాళ నేను గొంతు చించుకుని నినాదాలిస్తే సభంతా వంత పాడుతుంది. ఎవరైనా పాట ఎత్తుకుంటే మాత్రం నా పెదవులు ఊరికే కదులుతాయి. లోకాన్ని మారుస్తానని తిరిగేవాడి గతి ఇది. మీరు చెప్పిన చదువు ఫలం. అందుకే రాను.

మీ కొడుకు

*

అక్కా,

నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టకు, వెళ్లాను. నువ్వు పురిటి మంచం దిగి రాలేవు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ప్రేమ పొంగి వెళ్లలేదు. ఉత్తరం పోస్టులో వేశాక కూడా కోపం చల్లారక, ముఖం మీదే అడిగేద్దామని వెళ్లాను.

నాన్న వంటగదిలో బల్ల దగ్గర కూర్చున్నారు. మెడకు తెల్లటి కట్టు, ముందు బడిపిల్లల పలక. నా ఉత్తరం నాకన్నా ముందే చేరింది, టీ కప్పు పక్కన విప్పి ఉంది. దారంతా కూడబెట్టుకున్న ఉపన్యాసం అందుకున్నాను. మాట రాని మనిషి మీద అరవడమంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదక్కా. ఎదురుమాట రాదు, మన అరుపే మనకు తగులుతుంది. నా అంతట నేనే ఆగిపోయాను.

నాన్న పలక మీద రాసి నా వైపు తిప్పారు. "ఆ ఏడు వడ్రంగి కూతురిది నీకంటే అపశ్రుతి. పాడనిచ్చాను. నిన్నొక్కణ్ణే ఆపాను." నేను చదివాక మణికట్టుతో తుడిచి మళ్లీ రాశారు. "మాస్టారి కొడుక్కే శ్రుతి లేదంటారని." ఇంకేదో రాయబోయి, సుద్ద ఆనించి, పలక బోర్లించేశారు. ఇన్ని కరపత్రాలు చదివాను కదా, దీనికి ఏమనాలో ఒక్కదాంట్లోనూ లేదు.

ఆదివారం ఆయన శిష్యురాలే ఆర్గన్ వాయించింది. నాన్నకు ముందు కుర్చీ వేశారు. ఆయన అందులో కూర్చోలేదు. నడుచుకుంటూ వెళ్లి క్వయరు వెనక వరసలో చివర నిలబడ్డారు, నా పాత చోట్లో. కీర్తన మొదలైంది. నాన్న పెదవులు కదులుతున్నాయి. ఒక్క పదం తప్పలేదు, తాళం తప్పలేదు. చప్పుడు మాత్రం లేదు. చూస్తూ కూర్చోలేకపోయాను. వెళ్లి పక్కన నిలబడ్డాను. పాడిన అలవాటు లేదేమో, నా పెదవులూ ఊరికే కదిలాయి. తండ్రీకొడుకులం రెండు చేపలం.

రెండో చరణంలో నా గొంతు బయటికొచ్చింది. ఎలా ఉందని అడక్కు, పాస్టరుగారి భార్య వెనక్కి తిరిగి చూసింది. నాన్న ఎడమచెయ్యి లేచింది. అది చూడగానే గొంతు తగ్గించాను. కానీ ఆ అరచెయ్యి దిగలేదక్కా. పైకి తిరిగి, ఎత్తు, ఇంకా ఎత్తు అన్నట్టు ఆడింది. పాట అయ్యేదాకా అలాగే ఆడింది.

బాలింతకు రాయకూడని మాట ఒకటుంది. కట్టు కింద జబ్బు మళ్లీ మొదలైందని డాక్టరు చెప్పాడు. ఎక్కువ కాలం ఉండరట. ఆయనకూ తెలుసు. నేనిక్కడే ఉండిపోతున్నాను. రోజూ పొద్దున్నే హార్మోనియం ముందు పెట్టుకుని నా వైపు చూస్తారు. నేను పాడాలి. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. మూసుకోనీ.

నీ తమ్ముడు,
చేప