అత్తయ్య కరోలా, నా కంపెనీ కారు

మార్చి 3, మంగళవారం

ఈ రోజు నుంచి డైరీ. చెప్పుకోవడానికి మనుషులు లేక కాదు. చెప్పుకుంటే ఇంట్లో యుద్ధం వస్తుంది.

నేను కార్ల షోరూంలో సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని. మా అత్తయ్యకి టయోటా అంటే ప్రాణం. మా షోరూంలో అమ్మేది టయోటా కాదు. గొడవంతా అదే.

ఆవిడ టయోటా కరోలా కారు మా ఆయన కంటే రెండేళ్ళు చిన్నది. మామయ్య పోయాక ఆ కారునే టాక్సీగా తిప్పి ఇల్లు నడిపింది. టాక్సీ బోర్డు తీసేసి చాలా కాలమైనా కారు మాత్రం వదల్లేదు. ఆల్బంలో కొడుకు ఫోటోల కంటే కారు ఫోటోలే ఎక్కువ. మా ఆయన ల్యాబులో పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. అలిగినప్పుడల్లా, నన్నూ టైముకి సర్వీసింగుకి పంపించి ఉంటే ఇంకా బాగా తయారయ్యేవాణ్ణి అంటాడు.

ఇవాళ షోరూం వాళ్ళు నాకు కొనేవాళ్ళకి నడిపి చూపించే డెమో కారు ఇచ్చారు. గర్వంగా తెచ్చి గేటు ముందు ఆపాను. అత్తయ్య చుట్టూ తిరిగి చూసింది. తలుపు తీసి వేసింది. చప్పుడు విన్నది. రంగు బావుందమ్మాయ్ అంది.

రంగట! ఇంకేమీ లేనట్టు!

మార్చి 6, శుక్రవారం

రాత్రి భోజనాల దగ్గర నోరు జారాను. పేరు ఒకసారి వచ్చాక ఎవరికైనా బతుకు తేలికే, టయోటా వాళ్ళకి మాత్రం ఏం కష్టం అన్నాను. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అత్తయ్య మొదలుపెట్టింది. ఆ కంపెనీ అసలు కార్లతో పుట్టనే లేదట. మగ్గాలతో పుట్టిందట. వాళ్ళ పెద్దాయన చేసిన మగ్గానికి ఓ గుణం ఉండేదట. ఒక్క పోగు తెగినా తనంతట తానే ఆగిపోయేదట. చెడ్డ బట్ట నేసే కంటే నేత ఆపేయడమే నయమని. ఆ మగ్గం పేటెంటు ఇంగ్లండు వాళ్ళకి అమ్మిన తర్వాతే కొడుకు కార్ల ప్రయోగాలకి దిగాడట.

ఇవన్నీ ఎక్కడ చదివారు అత్తయ్యా అంటే, స్టాండులో బేరం కోసం కూచుంటే మీ తరం ఫోన్లు చూస్తుంది, మేం లైబ్రరీ పుస్తకాలు చదివేవాళ్ళం అంది. ఆ తర్వాత కారెక్కినవాళ్ళందరికీ దారి పొడుగునా చెప్పేదట. దిగేలోగా కథ అయిపోకపోతే కొందరు డబ్బులిచ్చాక కూడా కూచుని వినేవారట. అది నేను నమ్మను.

నేనూ ఊరుకోలేదు. మరి మధ్యలో లక్షల కార్లు వెనక్కి పిలిపించుకున్నారు కదా, అదీ చెప్పండి అన్నాను. గెలిచాననుకున్నాను. అవును, పిలిపించారు, వాళ్ళ పెద్ద అందరి ముందూ తలవంచి క్షమించమన్నాడు, అదీ చెప్పేదాన్ని, నువ్వే ఆగలేదు అంది.

మా ఆయన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి జారుకున్నాడు.

మార్చి 7, శనివారం

పొద్దున కాఫీ దగ్గర ఇంకో కథ. ఇంటిపేరు టయోడా అట. వాళ్ళ లిపిలో టయోటా అని రాస్తే ఎనిమిది గీతలు, ఎనిమిది అచ్చొచ్చే అంకె, అందుకని మార్చారట. కాఫీ చల్లారిపోయింది.

మార్చి 12, గురువారం

నా బేరం కుదిరింది! పశువుల డాక్టరమ్మ. కొండ కనుమ అవతల ఊళ్ళో ఉంటుంది. రోజంతా పశువుల ఫారాల మధ్యే తిరుగుడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. డిక్కీలో నడుం దాకా వంగి, ఇందులో దూడ పడుతుందా అని అడిగింది. నేను మూడు నెలలుగా ఎయిర్‌బ్యాగుల గురించి బట్టీ పట్టాను. దూడ గురించి ఎవరూ నేర్పలేదు. పడుతుందండీ, కూచోబెడితే అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. అక్కడికక్కడే బుక్ చేసింది.

శనివారం డెలివరీ. ఈ నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతుంది. ఇదొక్కటి సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు అని మేనేజర్ అన్నాడు.

అత్తయ్యకి చెప్పాను. మంచిదమ్మాయ్ అంది. అంతే. మగ్గం లేదు, గీతల్లేవు. నాకే ఏదోలా అనిపించింది.

మార్చి 14, శనివారం, పొద్దున

కొత్త బ్లేజర్. కొత్త చెప్పులు. కారుకి రిబ్బన్ కట్టాం. డాక్టరమ్మతో పాటు కనుమ దాటి వాళ్ళ ఊరి దాకా వెళ్ళి ఫీచర్లన్నీ చూపించి, బస్సులో తిరిగి రావాలి.

అదే రోజు, మధ్యాహ్నం

కనుమ మధ్యలో రోడ్డు పక్క రాయి మీద కూచుని రాస్తున్నాను. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపొస్తుంది.

సగం ఎక్కాక డాక్టరమ్మకి ఫోన్ వచ్చింది. అవతల ఓ ఫారంలో ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. దూడ ఎదురు తిరిగింది, వెనక కాళ్ళు ముందు వస్తున్నాయట. ఆవిడ గేరు మార్చి కారుని కొంచెం తొందరపెట్టింది. రెండు మలుపులు తిరిగామో లేదో, ఎర్ర దీపం. తర్వాత బానెట్ లోంచి ఆవిరి. తర్వాత ఏమీ లేదు. ఆగిపోయింది. రిబ్బన్ ఇంకా అలాగే ఉంది.

షోరూంకి ఫోన్ చేశాను. బ్రేక్‌డౌన్ వ్యాను వేరే వైపు వెళ్ళిందట, సాయంత్రం అవుతుందట. డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని నడుస్తానంది. ఆ ఎత్తు చూసి మళ్ళీ నా వైపు చూసింది. కోప్పడలేదు. కోప్పడినా బావుండేది. ఆవు చచ్చిపోతుందమ్మా అంది, అంతే.

ఫోన్ మళ్ళీ తీశాను. ఎవరికి చెయ్యాలో నాకు తెలుసు. చెయ్యాలంటే తల కొట్టేసినట్టుంది.

చేశాను. ఎక్కడ అంది అత్తయ్య. చెప్పాను. పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

ఒళ్ళంతా పేడ. బ్లేజర్ ఇక పనికిరాదు. ఇంతగా ఎప్పుడైనా సంతోషపడ్డానా, గుర్తు లేదు.

అత్తయ్య ఎలా వచ్చిందో ఏమో, నేననుకున్నదానికన్నా ముందే మలుపులో ఆ పాత కరోలా కనిపించింది. ఏడవబోయి నవ్వేశాను. ఆగిన కారు వైపు ఆవిడ కన్నెత్తి చూడలేదు. ఎక్కండి అంది. డాక్టరమ్మ ముందు, నేను వెనక. ఎత్తులో కారు మెల్లిగా, ఏకధాటిగా పోయింది. అత్తయ్య మలుపులన్నీ ఇంట్లో గదుల్లా తిరిగింది.

ఆవు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. కళ్ళు తేలేసింది. ఫారం ఆసామి దాని తల నిమురుతున్నాడు. డాక్టరమ్మ భుజం దాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చి, దూడ కాళ్ళకి తాడు తగిలించింది. ఆవు ముక్కినప్పుడే లాగాలి, ఆపినప్పుడు ఆపాలి, దూడ నడుం బయటికొచ్చాక మాత్రం ఆగకూడదు, లోపలే ఊపిరి తీసుకుంటే నీళ్ళు మింగి చస్తుంది అంది. ఆసామి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఎవరు? అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. నేను ఆవిణ్ణి పక్కకి జరిపి నేనే పట్టుకున్నాను. కొత్త చెప్పులు జారిపోతుంటే అవతలకి విసిరేశాను. అత్తయ్య వెనకనుంచి నా నడుం గట్టిగా పట్టుకుంది. లాగమ్మాయ్, ఇప్పుడు లాగు, ఆగు, ఇప్పుడు అని చెవిలో చెబుతూనే ఉంది.

దూడ ఒక్కసారిగా జారి పడింది. నేను అత్తయ్య మీద పడ్డాను. ఇద్దరం గడ్డిలో.

దూడ కదల్లేదు. డాక్టరమ్మ దాని నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. గడ్డి తీసుకుని పక్కలు గట్టిగా రుద్దింది. ఓ గడ్డిపరక ముక్కులో దూర్చింది.

దూడ తుమ్మింది.

ఆసామి గోడకి తల ఆనించి పిల్లాడిలా ఏడ్చాడు. ఆవు లేవలేదు గానీ మెడ చాచి దూడని నాకడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మని ఇంటి దగ్గర దించడానికి వెళుతుంటే, ఆవిడ తేల్చి చెప్పేసింది. సోమవారం వచ్చి నా కారు నాకొద్దని చెప్పేస్తాను, మీ అత్తగారి కంపెనీ కారే కొంటాను అంది. ప్రొబేషన్ కళ్ళ ముందు తిరిగింది. అత్తయ్యకి ఇంతకంటే ఏం కావాలి? ఇన్నాళ్ళ పోట్లాట ఒక్క దెబ్బతో గెలిచింది.

అత్తయ్య అద్దం సరిచేసుకుంది. తర్వాత అమెరికా కథ చెప్పింది. ఇది నేనెప్పుడూ వినలేదు. టయోటా వాళ్ళు మొదటిసారి అమెరికాకి పంపిన కారు అక్కడి పెద్ద రోడ్ల మీద పరువు తీసిందట. వేగం అందుకోలేదు, వేడెక్కేది, గడగడ వణికేదట. సిగ్గుపడి ఆ కార్లు పంపడం మానుకున్నారు. అయితే ఇంట్లో దాక్కోలేదు. తప్పు ఎక్కడుందో వెతికారు, వేరే కారు తయారుచేసుకుని మళ్ళీ వెళ్ళారు. అప్పుడే వాళ్ళని తరిమేసి తలుపేసి ఉంటే, ఇవాళ మిమ్మల్ని ఎక్కించుకున్న ఈ కరోలా పిల్ల పుట్టేదే కాదు డాక్టరుగారూ అంది. సోమవారం దాకా ఆగండి, మా అమ్మాయి వాళ్ళు ఏం చేస్తారో చూడండి, నచ్చకపోతే నేనే మిమ్మల్ని టయోటా షోరూంకి తీసుకెళతాను అంది.

మా అమ్మాయి వాళ్ళు. అన్నది అదే మాట. వెనక సీట్లో నేను కిటికీ వైపు తిరిగాను.

మార్చి 15, ఆదివారం

పొద్దున్నే అడిగేశాను. చేతికొచ్చిన గెలుపుని ఎందుకు వదులుకున్నారు అత్తయ్యా అని.

నువ్వు ఓడిపోయి ఇంట్లో కూచుంటే రోజూ భోజనాల దగ్గర నేనెవరితో పోట్లాడాలి, వీడితోనా అంది మా ఆయన్ని చూపించి. వాడు ముందే ఒప్పేసుకుంటాడు అంది. మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

రేపు ఏం మాట్లాడాలో తెలియట్లేదని చెప్పాను. అత్తయ్య ఓ చిట్కా చెప్పింది. టయోటా వాళ్ళ పద్ధతట. తప్పు జరిగితే ఎవరు అని అడగరట. ఎందుకు అని అడుగుతారు. జవాబొస్తే దానికీ ఎందుకు. అలా ఐదుసార్లు. నాలుగుసార్ల దాకా ఎవరైనా తప్పించుకుంటారు, ఐదోదే కష్టం అంది.

మార్చి 16, సోమవారం

మేనేజర్ గదిలో నలుగురం. మేనేజర్, డాక్టరమ్మ, మెకానిక్, నేను. కొత్త బండిని ఎత్తులో గట్టిగా లాగించి ఉంటారు మేడం అని మేనేజర్ మొదలుపెట్టాడు. డాక్టరమ్మ లేవబోయింది.

ఆవిణ్ణి కూచోమని సైగ చేశాను. అడిగాను. కారు ఎందుకు ఆగింది సార్? ఇంజను వేడెక్కింది అన్నాడు. ఎందుకు వేడెక్కింది? రేడియేటర్ నీళ్ళు కారిపోయాయని మెకానిక్ చెప్పాడు. ఎందుకు కారాయి? గొట్టం క్లిప్పు వదులుగా ఉందట. ఎందుకు వదులుగా ఉంది? డెలివరీ ముందు చెకింగ్ పూర్తి కాలేదు అన్నాడు.

ఎందుకు పూర్తి కాలేదు?

మెకానిక్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ ఫ్యాన్ వైపు చూశాడు. ఫ్యాన్‌కి ఏం తెలుసు పాపం. తిరుగుతూనే ఉంది. నేను లోపల రాజీనామా రాసేసుకుంటున్నాను.

నేనే అన్నాడు మేనేజర్. నెలాఖరు లోపల బళ్ళన్నీ వెళ్ళిపోవాలి, చెకింగ్ తర్వాత చూసుకుందాం అని నేనే చెప్పాను అన్నాడు. కుర్చీలోంచి లేచి డాక్టరమ్మకి క్షమాపణ చెప్పాడు. నాకైతే ఆయన ఆ క్షణంలో కాస్త పొడుగయ్యాడనిపించింది.

డాక్టరమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. నా కళ్ళ ముందు కారంతా విప్పి చెక్ చేసి ఇవ్వండి, అప్పుడు ఉంచుకుంటాను అంది. ఆవుల దగ్గర కూడా మేం ఇలాగే అడుగుతాం, కాకపోతే అవి నిజమే చెబుతాయి అంది.

మార్చి 17, మంగళవారం

కారు విప్పారు. ఇంకో రెండు క్లిప్పులు వదులుగా దొరికాయి. బయటికి వెళ్ళిన బళ్ళన్నిటినీ వెనక్కి పిలిపించమన్నాడు మేనేజర్. ఫోన్లన్నీ నేనే చేశాను. తిట్లు తిన్నాను. హాయిగా ఉంది.

మార్చి 24, మంగళవారం

షోరూంలో గంట పెట్టారు. చెకింగ్‌లో తేడా కనిపిస్తే ఎవరైనా మోగించొచ్చు, బండి కదలకూడదు. ఐడియా నాదే. ఇంట్లో చెప్పగానే అత్తయ్య ఎగిరి గంతేసింది. టయోటా ఫ్యాక్టరీలో ఇలాగే తాడు ఉంటుందట, పనివాడు లాగితే లైనంతా ఆగుతుందట. మా తాడు కాపీ కొట్టారు అంది. మాది గంట, తాడు కాదు అన్నాను. పోట్లాట సాగింది. మా ఆయన ఇద్దరూ రైటే అన్నాడు. ఇద్దరం కలిసి ఆయన మీద పడ్డాం.

అన్నట్టు, ఉద్యోగం పర్మనెంటు అయింది. మర్చిపోయాను.

మార్చి 29, ఆదివారం, మధ్యాహ్నం

ఇది కార్లో కూచుని రాస్తున్నాను. నా డెమో కారు. దూడని చూడ్డానికి అత్తయ్యని కనుమ దాటించి తీసుకెళ్ళాను. వెళ్ళేటప్పుడు ప్రతి మలుపులోనూ లేని బ్రేకు తొక్కింది. వచ్చేటప్పుడు పక్క సీట్లో మాట ఆగింది. ఏమిటా అని చూశాను. నిద్రపోతోంది. తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, చిన్నగా గురక పెడుతూ.

ఇంటి ముందుకొచ్చి చాలాసేపైంది. ఇంజను ఆపితే లేస్తుందేమోనని ఇంకా ఆపలేదు.