ఆయన ఆకుకూర తిన్న నెల

జూన్ 9
ఈయనకు వరంగల్‌లో స్కానింగ్ అయింది. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందట. స్కోర్ 210, సున్నా ఉంటే మంచిదట. నలభై ఆరేళ్లకే! డాక్టర్ బీడీ మానమన్నాడు, బీపీ చూసుకోమన్నాడు, కొలెస్ట్రాల్‌కు ఒక గోలీ రాశాడు. తిండి గురించి ఒక్క ముక్క లేదు. పదకొండేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. పెద్దవంగరలో సగం మందికి తిండి పాఠాలు చెప్పింది నేనే. నా ఇంట్లోనే ఇట్లాంటి రిపోర్టా? సిగ్గేసింది.

జూన్ 10, మధ్యాహ్నం
సెంటర్‌లో పిల్లలు పడుకున్నాక యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశాను. విటమిన్ కె ఉంటే కాల్షియం రక్తనాళాలు వదిలి ఎముకల్లోకి పోతుందట. మెగ్నీషియం కూడా కావాలట. జపాన్‌లో పులియబెట్టిన సోయా తింటారట. మనకెక్కడిది? ఆకుకూరల్లోనూ కె ఉందన్నారు, అది చాలు. సెంటర్ పెరట్లో మునగ, పాలకూర ఏపుగా ఉన్నాయి. నువ్వులు ఇంట్లోనే ఉన్నాయి.

జూన్ 11
తిన్నాడు! గిన్నెడు మునగాకు పప్పు తిని, ఇంకొంచెం వేయమన్నాడు. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. కుట్టుమిషన్ చప్పుడులో నా మాట ఏనాడూ ఈయన చెవికెక్కలేదు. స్కోర్ చూసి భయపడ్డట్టున్నాడు. భయపడితే భయపడ్డాడు, నాకు మాత్రం సంబరంగా ఉంది.

జూన్ 15
అత్తతో గొడవ. మా పెళ్లికి ముందే ఈయన గుండెకు మెటల్ వాల్వ్ వేశారు. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా రోజూ గోలీ మింగుతాడు. ఆకుకూర ఎప్పుడూ ఒకే తీరుగా తినాలని, ఒక్కసారిగా పెంచితే ఆ గోలీ పని చెయ్యదని అప్పటి డాక్టర్ అత్తకు చెప్పాడట. సంతకం రాని మనిషి నాకు న్యూట్రిషన్ చెబుతోంది! ఇన్నాళ్లు ఆమెదైన వంటగది నా చేతికొచ్చేసరికి ఆమెకు కడుపుమంట. అదే మాట మొహం మీదే అన్నాను. ఈయన నా వైపు మాట్లాడాడు. ఇన్నేళ్లలో మొదటిసారి.

జూన్ 24
రెండు పూటలా ఆకుకూరే. పొద్దున పాలకూర జ్యూస్ కూడా.

జూలై 1
ఆ గోలీ సరిగ్గా పనిచేస్తుందో లేదో నెలనెలా రక్తంలో చూసే ఐఎన్‌ఆర్ టెస్టు ఈ రోజే. స్కూల్ యూనిఫాంలు కుట్టాలి, టైం లేదన్నాడు. వచ్చే వారం పోదాంలే అన్నాను.

జూలై 6
మిషన్ మీదే పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి లేవలేదు. 108లో వరంగల్.

జూలై 7, ఐసీయూ బయట
వాల్వ్ మీద గడ్డ కట్టి, ముక్క మెదడుకు పోయిందట. ఐఎన్‌ఆర్ 1.3. రెండున్నర పైనే ఉండాలట. ఈ మధ్య తిండి ఏమైనా మార్చారా అని డాక్టరమ్మ అడిగింది. ఎప్పుడూ తినేదే అన్నాను. అంత సులువుగా ఎట్లా వచ్చింది నా నోటికి?

అత్త ముందుకొచ్చింది.

"మునగాకు, పాలకూర రోజూ రెండు పూటల పెట్టినం మేడం. నాకు ఎరుకుండి గూడ ఆపకపోతి. తప్పు నాదే."

రక్తం గడ్డ కట్టనివ్వని ఆ గోలీకి విరుగుడే విటమిన్ కె అట. అది వేసుకునేవాళ్లు తిండి మార్చేముందు అడగాలట. కాల్షియాన్ని కరిగిస్తుందని గట్టిగా రుజువైన కూర ఇంతవరకు ఏదీ లేదట. డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. తిట్టినా బాగుండేది.

జూలై 12
అత్తను చూస్తే ఒళ్లు మండుతోంది. నన్ను కాపాడమని ఎవరడిగారు? ఆమె నోరు మూయించింది నేను. తప్పు నాదే అని చెప్పే అవకాశం కూడా నాకు లేకుండా చేసింది.

జూలై 19
ఇంటికి తెచ్చాం. మాట పడిపోయింది. కత్తెర పట్టే చెయ్యి ఒళ్లో పడి ఉంది.

జూలై 21
చెంచా దగ్గరికి తేగానే నోరు తెరుస్తున్నాడు. అందులో ఏముందో చూడడు.

ఒక్కసారైనా మొహం తిప్పుకోవచ్చు కదా.