అత్తయ్య తెడ్డు పట్టిన ఆదివారం

శ్రీవారికి,

నమస్కారం. ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసా. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేదాన్ని, ఈసారి నిజంగానే రాస్తున్నాను. ఓడలో మీకు వేళకింత తిండి, కంటినిండా నిద్ర దొరుకుతున్నాయని తలుస్తాను.

"అమ్మ కనీసం గేటుదాకా అయినా నడుస్తోందా?" అని అడిగారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయారు కదా. డాక్టర్ నడవమన్నా వినలేదు. నేను ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చేసరికి, పొద్దున ఎలా వదిలి వెళ్లానో అలాగే ఉండేవారు. చివరికి ఓ ఆదివారం, "బస్సులో పార్కుకి ఒక్కదాన్నే వెళ్లాలంటే భయం, తోడు రండి" అని అబద్ధమాడాను.

"నెత్తురు చూస్తే బెదరని నర్సమ్మవి, బస్సుకి బెదురుతావా!" అంటూనే చెప్పులేసుకున్నారు.

మనం కాపురముంటున్న ఈ దీవి ఇంత పెద్దదని నాకూ తెలియదు సుమండీ. ఎన్ని ఆదివారాలు తిరిగినా ఇంకో పార్కు మిగిలే ఉంటుంది. మొదట అడవి పార్కులో చెక్కల బాట మీద బెంచీ నుంచి బెంచీకి నడిచాం. కొన్నాళ్లకు లైట్‌హౌస్ కొండ. సగం దారిలో నేను రొప్పుతూ కూలబడితే పైనుంచి కేక: "ఏమ్మా, ఆపరేషన్ నీకా నాకా?" చుట్టూ జనం ఒకటే నవ్వు.

ఇక అసలు సంగతి. అందులో మీరు కంగారుపడే ముక్క రాయొద్దని అత్తయ్య ఒట్టు వేయించుకున్నారు గానీ, దాచుకోవడం నా వల్ల కావడం లేదు. కిందటి ఆదివారం సముద్రపు పాయ ఒడ్డున ఇద్దరు కూర్చునే తెడ్డు పడవ అద్దెకు తీసుకున్నాం. పడవలతను లైఫ్ జాకెట్లు తొడిగి, "ఎర్ర జెండా దాటొద్దమ్మా" అన్నాడు. నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఉన్నట్టుండి గాలి తిరిగింది. చూస్తూండగానే జెండా వెనకబడింది. నేను తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఏడుపు లంకించుకున్నాను.

"ఏడిస్తే నీళ్లు పెరుగుతాయి తప్ప ఒడ్డు దగ్గరికి రాదు. తెడ్డు తియ్యి! ఒకటంటే కుడి, రెండంటే ఎడమ."

ఎదురుగాలిలో గొంతు బొంగురుపోయేదాకా ఒకటి, రెండు అంటూనే ఉన్నారు. పడవ మెల్లగా దారికొచ్చింది. పడవలతను ఎదురొచ్చి తాడు విసరబోతే, "మేం వస్తున్నాంలే, పక్కన ఉండు నాయనా" అనేశారు! ఒడ్డున దిగాక ఆవిడ భుజాలు అదురుతుంటే భయపడ్డారేమోనని పట్టుకున్నాను. తీరా చూస్తే నవ్వుతున్నారు. మామయ్యగారు పోయాక అంత నవ్వు నేను చూడలేదండీ.

సెలవులో వచ్చి అమ్మను వదినగారింట్లో దించుతానని రాశారు కదా. ఆ ముక్క అత్తయ్యకు చదివి వినిపించాను. బొబ్బలెక్కిన అరచేతులకు మందు రాసుకుంటూ ఆవిడ చెప్పారు:

"వాడికి ఇలా రాయి. నన్ను తీసుకెళ్లడానికైతే సెలవు దండగ చేసుకోవద్దు. పడవెక్కడానికైతే రమ్మను. ముందు సీటు మాత్రం నాది."

నాకూ ఆవిడ ఇక్కడే ఉండాలని ఉందండీ.

ఇట్లు,
అత్తయ్య మాటకు వంతపాడుతున్న
మీ ఇల్లాలు