తోలు బంతి ముట్టానని

అన్నా, నేను ఆవుతోలు బంతి ముడుతున్నానని మా కూలీల మేస్త్రి నీలకంఠానికి నువ్వు కార్డు మీద రాయడం తప్పు. ఇక్కడ రంగూను బోటాటౌంగ్ పేటలో మా బసలో దాన్ని అందరి ముందూ చదివారు. “ఏటిరా కూర్మయ్యా, దొరల తోలు ముట్టీసి మా పంక్తిలో కూకుంటావేటి?” అన్నాడు వంటవాడు. మూడు రోజులుగా గుమ్మం బయట తింటున్నాను. సాయంత్రాలు క్లబ్బులో దొరలకు బంతులు వేసే పనికి మేస్త్రి నన్ను పంపడం లేదు. పోయిన వారమే కెప్టెను దొర వికెట్టు మూడుసార్లు పడగొట్టాను. వచ్చే నెల నుంచి జీతం మీద తన జట్టులో ఆడమన్నాడు. మన రామకోవెల మద్దెలకున్నది తోలు కాదా?

అమ్మకు దగ్గు తగ్గిందా? నా దణ్ణాలు చెప్పు.

ఇంట్లో అభ్యంతరం లేదని మేస్త్రికి రాయి. కవరులో వద్దు, కార్డు మీదే రాయి, అదీ అందరూ వినాలి. ఇరవయ్యో తారీకులోగా అది రంగూను చేరాలి.