జీర గాదు, జిరానియం

అవ్వకు మద్దిలేటి దండాలు. వనపర్తిల నా మాలి నౌకరి పోలేదు, పరేషాన్ గాకు. దొర తోటల చింతచెట్టు నీడకున్న జిరానియం ఎండకాలం నేలదాకా ఎండింది. పెద్దమాలి పీకెయ్యమన్నడు, నాకు చేతులు రాలే. మిరుగం వానకు అదే మళ్ల చిగురేసింది. దొరసాని చూసి సంబురపడ్డది.

లింగస్వామి మామతోని నీకు పంపింది దాని పిలకనే. నువ్వు జిరానియం అంటే జీర అనుకొని ఎండల నాటినవంట, వాడిపోయిందంట. పారెయ్యకు, కొట్టం ఎనక నీడకు మార్చు, చిగురేస్తది.

బర్రె ఈనిందా? చెల్లె పుష్పమ్మకు జరం తగ్గిందా? రాయించు. దానికి నా దీవెన.

నాయిన పోయినంక నువ్వు పూలు ముట్టవని, పూలమొక్క అని ముందుగాల చెప్పలే. ఇది తలల పెట్టుకునే పువ్వు గాదవ్వా, చూసే పువ్వు.