వానకు తడిసిన లోపలి గోడ

1946 ఫిబ్రవరి 25, సోమవారం. చిత్తూరు.

దొరస్వామి గారి ఇంటికి ప్లాను గీయడానికి వచ్చాను. బజారు వైపు హాలును ఉంచి, వెనుక రెండు గదులను పడగొట్టి, అక్కడ బియ్యం గోడౌను కట్టాలని ఆయన కోరిక. ఆ గదుల్లో ఆయన పిన్నమ్మ, చనిపోయిన చిన్నాన్న భార్య, వరదమ్మ గారు ఒంటరిగా ఉంటున్నారు. పడగొడితే ఆమె పలమనేరులో అన్న కొడుకు పంచన చేరవలసిందే.

మా తాత కుప్పయ్య కట్టిన గోడ మింద గడ్డపార పడనియ్యను సామీ, ఆ వెనకదంతా మా సిన్నాయన తరవాత అతికించినాడు, పెంకులు సూడండి, అన్నీ మంగుళూరువే, అన్నారు దొరస్వామి గారు.

పెంకులు కొత్తవే. కానీ కప్పును బట్టి గోడ వయసు చెప్పలేము.

ఫిబ్రవరి 26

కొలతలు తీశాను. వెనుక గోడల మందంలో హాలు గోడలు సగమైనా లేవు. వెనుక ఇటుకలు పాతకాలపు పలుచనివి, ముందువి ఈ కాలపు దళసరివి. సందులోకి తెరుచుకునే వంటగది తలుపుకు, ద్వారబంధం మీద గజలక్ష్మి చెక్కి ఉంది. దొడ్డి తలుపుకు గజలక్ష్మి ఎందుకు?

ఫిబ్రవరి 27

సింహద్వారం నిలబెట్టేటప్పుడు గడప కింద నవధాన్యాలు, పంచలోహపు ముక్క వేయడం ఇక్కడి ఆచారం. వంటగది తలుపు గడప ఎత్తి చూస్తే, అదే ఒకప్పటి సింహద్వారమా అన్న సంగతి తేలిపోతుంది. వరదమ్మ గారిని అడిగాను. మనుషులు కాపరముండే ఇంట్లో గడప కదిలిస్తారా నాయనా, ఇల్లు పోతే పోనీ, గడప మాత్రం కదలనియ్యను, కూసో, దోసె తిను, అన్నారు.

తిన్నాను. తనను నిలబెట్టగల సాక్ష్యాన్ని ఆమే వద్దన్నారు. బలవంతం చేయడానికి నాకు మనసు రాలేదు.

ఫిబ్రవరి 28

సాక్ష్యం గడప కిందే ఉండాలని లేదు.

మార్చి 1

హాలుకూ వెనుక గదికీ నడుమ ఉన్న గోడను, హాలు వైపు, అలమరా జరిపి కొద్దిగా గీకాను. సున్నం పొరలు పొరలుగా రాలింది. అడుగున, బయటి గోడలకు వేసే కావి చారలు. వాటి మీదుగా వాన జారిన నిలువు మరకలు. కింది భాగంలో చినుకులు చిట్లి ఇసుక తేలిన గరుకు.

ఇంటి లోపలి గోడకు వాన ఎలా తగిలింది? హాలు లేని రోజుల్లో తగిలింది. హాలు గోడల ఇటుకలు ఈ గోడలోకి చొరబడలేదు. ఆ మరకల మీద ఊరికే ఆనుకొని ఉన్నాయి. ఇది ఒకప్పుడు ఇంటి వెనుక గోడ. అప్పట్లో ఇల్లు సందు వైపు చూసేది.

మార్చి 2

దొరస్వామి గారికి చూపించాను. ఆయన మరకలను వేలితో తడిమి, అయితే నేను కూసోనుండే హాలే అతుకా, అన్నారు. అవునన్నాను, మీ నాయన గారు కట్టించి ఉంటారన్నాను. లోపలి నుంచి వరదమ్మ గారు, ఏమిరా దొరా, ఇంగ గోడౌనుకు హాలు పడగొడతావా యేంది, అన్నారు. ఆయన నవ్వలేదు. గడ్డపార యాడా పడదు, ఆ ప్లాను సుట్టేయండి సామీ, అన్నారు.

మార్చి 8, శుక్రవారం

తాత వాకిట దీపం పెడదామని దొరస్వామి గారు సందులో నుంచి వెళ్లి, ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నారు. వరదమ్మ గారు బొప్పికి పసుపు అద్దుతున్నారు. కుప్పయ్య గారు పొట్టివారని ఆ ఇంట్లో తెలియడం ఇదే మొదలు.